సున్నా వేసిన కాగితం

2వ తేదీ

తమ్ముడికి అక్క రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి మాత్రం అబద్ధంతో మొదలుపెట్టబుద్ధి కావడం లేదు. మీ బావ ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు. ఆయాసం తగ్గింది, మొహంలోకి కాస్త కళ వచ్చింది, నర్సులతో జోకులు వేస్తున్నారు. అవి పాత జోకులే, నర్సులు కొత్తవాళ్లు కాబట్టి నవ్వుతున్నారు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. పోయినసారి ఇద్దరం ఒకేసారి ఫోన్ పెట్టేసి, ఎవరు ముందు పెట్టేశారన్నదాని మీద మళ్లీ ఫోన్ చేసుకుని పోట్లాడుకున్నాం. అప్పుడు మీ బావే తీర్పు చెప్పారు. "ఇకనుంచి మీరిద్దరూ ఉత్తరాలు రాసుకోండి. పెన్ను వెతుక్కునేలోపు సగం కోపం తగ్గుతుంది" అన్నారు. ఆయన మంచం మీద ఉండగా ఆ మాట దాటను.

ఇప్పుడు అసలు సంగతి. ఇరవై నాలుగున ఇంటికి పంపిస్తామన్నాడు డాక్టరు. కానీ ఒక షరతు పెట్టాడు. పడుకునే గదిలో ఎండ వేడి ఉండకూడదు, మరీ చల్లగానూ ఉండకూడదు, తేమ ఉండకూడదు. పొగ, దుమ్ము, జంతువుల బొచ్చు దరిదాపుల్లోకి రాకూడదు. పొగ సంగతి బెంగ లేదు, మీ బావ నా మీద ఒట్టేసి సిగరెట్లు మానేసి పన్నెండేళ్లయింది. మిగతావి కూడా మన ఇంట్లో ఎక్కడివిలే.

చిక్కంతా వేడితోనే. మాది పై అంతస్తు, పడకగదికి పడమటి గోడ. మధ్యాహ్నం మూడు దాటితే ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం. పాత ఏసీ చప్పుడు చేస్తుంది గానీ చల్లదనం ఇవ్వదు. వేడికీ చలికీ పనికొచ్చేలా ఇల్లంతా ఒక పద్ధతిలో పెట్టే మంచి కాంట్రాక్టరు కావాలి.

దీనికి తోడు మా ఆడపడుచు ఇరవై మూడున థర్మామీటరు పట్టుకుని వస్తోంది. గది సరిగ్గా లేకపోతే మీ బావని తన ఇంటికి తీసుకుపోతుందట. ఆవిడ సంగతి నీకు తెలుసు కదా. మోకాలి నొప్పి తగ్గేదాకా ఉంచుకుంటానని వాళ్ల మేనమామని తీసుకెళ్లింది. నొప్పి తగ్గి నాలుగేళ్లయింది, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో మీ బావ లేకుండా మూడు వారాలు ఈ ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి. నాకు ఏమీ బాగాలేదురా.

అందుకే ముగ్గురు కాంట్రాక్టర్లని పిలిచి పరీక్ష పెడుతున్నాను. పది ప్రశ్నలు, నలభై నిమిషాలు. ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి, బోలెడు కాగితాలు దిద్దినదాన్ని. దిద్దడంలో నా చెయ్యి ఇంతవరకూ తప్పలేదు. ఇద్దరు దొరికారు, మూడోవాడి కోసం చూస్తున్నాను.

ఉంటాను మరి,
నీ అక్క

తా.క. నీ షాపులో మిగిలిపోయిన మెత్తటి గుడ్డముక్కలు ఒక సంచీడు పంపు. ఉన్నివైతే మరీ మంచిది. దేనికని అడగకు.


5వ తేదీ

అక్కకి దణ్ణాలు.

నీ ఉత్తరం చదివి మీ మరదలు కళ్లు తుడుచుకుంది, ఆ తర్వాత పరీక్ష సంగతి చదివి నవ్వింది. నేను వద్దామంటే బడి యూనిఫారాల కాలం. మూడు వందల జతలు మెడ మీద కూర్చున్నాయి, కత్తెర కింద పెట్టే తీరిక లేదు.

నీ మూడోవాణ్ణి నేను చెబుతాను. మీ ఊళ్లోనే ఉంటాడు. పేరు అడిగితే కూడా చీటీ మీద రాసిచ్చే రకం, అందుకే మేం మౌని అని పిలుస్తాం. పోయినేడాది నా షాపులో ఏసీ పెట్టింది ఆయనే. మొదటి రోజు టేపు పట్టుకుని కొలిచాడు. రెండో రోజు ఎండ ఎటు నుంచి వస్తుందో చూస్తూ కుర్చీలో కూర్చున్నాడు. మూడో రోజు గానీ మిషను మాట ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ తీరా పెట్టాక చూస్తే, నేను కొనాలనుకున్న దాంట్లో సగం ఉన్న మిషను షాపంతా చల్లబరుస్తోంది, కరెంటు బిల్లు కూడా తగ్గింది.

అక్కా, నేను దర్జీని. గుమ్మంలో నిలబడి నీ భుజం కొలత చెప్పేవాణ్ణి నమ్మకు. వాడు కుట్టడు, ఎవరికో కుట్టినది తెచ్చి నీకు తొడుగుతాడు. ఇంటికైనా అంతే. కొలిచేవాణ్ణే పెట్టుకో.

పైగా ఆయనకి కంతలు కనిపెట్టే విద్య ఉంది. నా షాపు వెనక కిటికీ కింద చెయ్యి పట్టేంత సందు ఉందని నాకే తెలియదు. అందులోంచి చల్లగాలి బయటికీ, ఒక తెల్ల పిల్లి లోపలికీ పోతుండేవి. అది సరిగ్గా నల్ల కోట్లు చూసి వాటి మీదే పడుకునేది. ఎంతమంది చేత తిట్లు తిన్నానో! మౌని ఆ సందు మూయించాక గానీ పీడ వదల్లేదు. ఇప్పటికీ పిల్లి అన్న మాట వింటే నాకు ఒళ్లంతా దురద.

బావకి నా నమస్కారాలు చెప్పు.

కత్తెర పక్కన పెట్టి రాసిన,
నీ తమ్ముడు

తా.క. గుడ్డముక్కలు పంపాను. అడగొద్దన్నావు కాబట్టి అడగను. కానీ ఉయ్యాల్లో పడుకునే వయసు వాళ్లెవరూ మీ ఇంట్లో లేరని మాత్రం గుర్తుచేస్తున్నాను.


9వ తేదీ

తమ్ముడికి,

పరీక్ష అయిపోయింది. ఫలితాలు రాస్తున్నాను.

మొదటివాడు నిమిషం మనిషి. ఏది అడిగినా "ఒక్క నిమిషంలో అయిపోతుందండీ" అంటాడు. నలభై నిమిషాల పరీక్ష పదకొండు నిమిషాల్లో రాసేసి, మిగతా టైములో రెండో బెంచీ వాడి కాగితంలోకి చూశాడు. అయినా చేతిరాత ముత్యాల్లా ఉంది. ఏ గదికి ఏ మిషను పెట్టాలో గుమ్మం దాటకుండానే చెప్పాడు. తొంభై రెండు మార్కులు.

రెండోవాడు రంగురంగుల బొమ్మల పుస్తకం తెచ్చుకుని, అందులోంచి దింపి రాశాడు. ఎనభై ఎనిమిది. చూచిరాతకి పది కోసేశాను, డెబ్బై ఎనిమిది.

మూడోవాడు నీ మౌని. నలభై నిమిషాలూ కిటికీలోంచి పడమటి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. గంట కొట్టాక కాగితం తీసి చూస్తే పేరు రాసి, దాని కింద "ఇల్లు చూశాక రాస్తాను" అని ఒకే ఒక్క ముక్క. ప్రశ్నకి జవాబు రాయకుండా టైము అడిగే పిల్లల్ని చాలామందిని చూశాను. సున్నా వేశాను. గుండ్రంగా, ఎర్రగా.

అయినా నువ్వు చెప్పిన మనిషి కదా అని ఇల్లు చూడనిచ్చాను. రెండు రోజులు వచ్చాడు. గోడలు తట్టాడు, అటక ఎక్కాడు, ఎన్నింటికి ఎండ ఎక్కడ పడుతుందో గీతలు గీసుకున్నాడు, పాత కరెంటు బిల్లులు అడిగాడు. ఎంతమంది ఉంటారు, ఇంట్లో ఎవరూ లేని వేళలేవి అని కూడా అడిగాడు. ఆ చివరిది వినగానే నాకెందుకో మనసులో ముల్లు గుచ్చుకుంది. తర్వాత జేబులోంచి ఒక పుల్ల తీశాడు. దానికి సిగరెట్టు కాగితం లాంటి పల్చటి కాగితం కట్టి ఉంది. ఆ పుల్ల పట్టుకుని కిటికీలు, తలుపులు, స్విచ్చులు, అన్నిటి దగ్గరా నిలబడ్డాడు. కాగితం ఊగితే రాసుకుంటాడు, ఊగకపోతే ముందుకు కదులుతాడు.

పడకగదిలో బీరువా దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. కాగితం రెపరెపలాడింది. "ఈ బీరువా ఎప్పుడైనా జరిపారా అమ్మా?" అన్నాడు. రెండు రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చిన పొడవైన మాట అదే. మీ బావ దాన్ని ముట్టుకోనివ్వరు, నడుం పట్టేస్తుందంటారు. అదే చెప్పాను. "ఊఁ" అన్నాడు.

ఆ తర్వాత వెనక గది తాళంచెవి అడిగాడు. అక్కడ నా పాత జవాబు పత్రాలున్నాయి, అవి రహస్యం, ఇవ్వనన్నాను. మళ్లీ "ఊఁ" అన్నాడు. ఆ తలుపు కింద కూడా పుల్ల పెట్టి చూసి, మేడ వెనక్కి వెళ్లి బయటి నుంచి కిటికీ కూడా చూసొచ్చాడు. పోతూ పోతూ తన పరీక్ష కాగితం ఇమ్మని సైగ చేశాడు. ఇచ్చాను. వరండాలో కూర్చుని ఏదో గీకి, మళ్లీ కట్టలో పెట్టేసి పోయాడు. మార్కులు చూసుకుని సంతకం పెట్టాడనుకుంటాను.

నువ్వే చెప్పు, ఎవరిని పెట్టుకోను? కొలిచేవాణ్ణే పెట్టుకోమన్నావు, నాకేమో సున్నా వచ్చినవాడికి పని ఇవ్వాలంటే చెయ్యి రావడం లేదు. ఇంకా పదిహేను రోజులే ఉంది.

నీ అక్క

తా.క. గుడ్డముక్కలు అందాయి. ఉన్నివి చాలా నచ్చాయి. నాకు నచ్చాయి అని.


11వ తేదీ
(కొరియరులో)

అక్కా,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఇది చదువు. ఆ మౌనిని పెట్టుకోవద్దు.

నేను తప్పు చెప్పాను. బాగా ఆలోచిస్తే మనిషి మీద నాకే నమ్మకం కుదరడం లేదు. నా దగ్గర కోటు కుట్టించుకుని ఏడాదైంది, ఇంకా తీసుకెళ్లలేదు. కోటునే పట్టించుకోనివాడు ఇంటినేం పట్టించుకుంటాడు? పైగా గోడలు తట్టడం, ఇంట్లో ఎవరూ లేని వేళలు అడగడం, ఇవన్నీ నాకు నచ్చలేదు. నిమిషం మనిషినే పెట్టుకో. తొంభై రెండు మార్కులంటే మాటలా? ఆ చేతిరాత చూస్తే చాలదూ?

బీరువాని మాత్రం ఎవరినీ జరపనివ్వకు. బావ చెప్పింది అక్షరాలా నిజం. బరువైన బీరువాలు జరిపితే నేల పగులుతుంది. మా వీధిలో ఒకరికి అలాగే పగిలింది.

నిన్న ఫోన్ చేస్తే ఎత్తి "ఉత్తరం రాయి" అని పెట్టేశావు. సరే, రాశాను. దయచేసి నా మాట విను.

కంగారులో,
నీ తమ్ముడు

తా.క. మా వీధిలో ఆయన నేల పగిలాక చాలా రోజులు ఏడ్చాడు.


15వ తేదీ

తమ్ముడికి,

నీ మాట విన్నాను. కొంప మునిగింది.

నిమిషం మనిషి ఇద్దరు పనివాళ్లతో వచ్చి, చెప్పినట్టుగానే మధ్యాహ్నం భోజనం వేళకల్లా మిషను బిగించేసి వెళ్లాడు. అది గది కన్నా పెద్దదేమో అనిపించేంత పెద్దది. వేయగానే ఐదు నిమిషాల్లో గది మంచుగడ్డ అయిపోతుంది, మిషను ఆగిపోతుంది. పది నిమిషాల్లో మళ్లీ వేడి, మళ్లీ మోత. చల్లదనం వస్తోంది పోతోంది గానీ తేమ మాత్రం కదలడం లేదు. గోడ చెమర్చింది, దిండు గలేబు తడి తడిగా ఉంది, మొన్న ఇంటి మొత్తానికీ కరెంటు పోయింది. ఆయనకి ఫోన్ చేస్తే "ఒక్క నిమిషంలో వస్తానండీ" అన్నాడు. అది పదమూడో తేదీ మాట. ఇవాళ పదిహేను.

ఆస్పత్రిలో మీ బావ అడిగారు, "గది సిద్ధమైందా?" అని. అయిందని చెప్పాను. ఆయనతో అబద్ధం చెప్పి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ తడి గదిలో ఆయన ఊపిరి తీసుకోవడం నేను తలుచుకోలేను. పోనీ ఆడపడుచు ఇంటికి పంపుదామంటే, ఆయన బట్టలు సర్దే ధైర్యం నాకు లేదు.

ఇంతలో నీ మౌని రెండుసార్లు వచ్చాడు. పిలవకుండానే. గేటు దగ్గర నిలబడి మేడ వెనక వైపుకి చూస్తాడు, వెళ్లిపోతాడు. నిన్న వచ్చి "కాగితం చూశారా అమ్మా?" అన్నాడు. "చూశాను, సున్నా వేశాను" అన్నాను. నా మొహంలోకి అదోలా చూసి వెళ్లిపోయాడు.

అప్పుడు నాకు లెక్క తేలింది. నువ్వు నెత్తిన పెట్టుకున్న మనిషిని వారం తిరక్కుండా వద్దన్నావంటే, నీకేదో తెలిసింది, నేను బెదిరిపోతానని దాస్తున్నావు. ఇంట్లో ఎవరూ లేని వేళలు, బీరువా, వెనక గది తాళం, పిలవకుండా రావడం, అన్నీ కలిపి కూడితే దొంగ అని వస్తోంది. బీరువా వెనక ఏదో పెట్టాడు, లేకపోతే ఏదో తీశాడు. పక్కింటాయనకి తెలిసిన ఒక పోలీసాయన ఉన్నాడు. పంతొమ్మిదో తేదీ పది గంటలకి ఆయన వచ్చి బీరువా జరిపించి చూస్తానన్నాడు. మౌనిని కూడా అదే టైముకి రమ్మన్నాను, ఎందుకో చెప్పకుండా. బీరువా వెనక ఏం దొరికినా మౌని నేరుగా స్టేషనుకి వెళ్తాడు.

నేల పగిలితే పగలనీ.

దిక్కుతోచని,
నీ అక్క

తా.క. వెనక గది మాత్రం పోలీసులకి కూడా తీయను. జవాబు పత్రాలు ఎవరివైనా జవాబు పత్రాలే.


17వ తేదీ
(కొరియరులో, చేతికే ఇవ్వవలెను)

అక్కా,

పోలీసాయన్ని ఆపు. మౌని దొంగ కాదు. దొంగని నేను. అసలు దొంగ బావ.

నిన్నటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఇవాళ ఒక నిక్కరుకి మూడు కాళ్లు కుట్టాను. ఇక నావల్ల కాదు, చెప్పేస్తున్నాను. కూర్చుని చదువు.

బీరువా వెనక గోడకి కన్నం ఉంది. ఎనిమిదేళ్ల క్రితం నువ్వు బయటి ఊళ్లో పరీక్షల డ్యూటీకి వెళ్లినప్పుడు బావ కొట్టారు. నేను అప్పుడు మీ ఇంట్లోనే ఉన్నాను. ఆయన సిగరెట్లు మానలేదు. పన్నెండేళ్ల క్రితం మానిన మాట నిజమే, నాలుగేళ్లు ఉగ్గబట్టుకుని ఉన్నారు. తర్వాత మళ్లీ రోజుకి ఒకటి. బీరువా పక్క సందులో నిలబడి, కన్నంలోంచి పొగ బయటికి వదిలేవారు. కన్నానికి రేకు మూత బిగించింది నేనే. అంతే కాదు, ఆయన ప్రతి కోటులో ఎడమ చంక కింద ఒక దొంగ జేబు ఉంటుంది. అదీ నేనే కుట్టాను. ఇన్నేళ్లూ ఆ కోట్లు ఇస్త్రీ చేసినా నీకు తెలియలేదు చూశావా, అంత బాగా కుట్టాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు.

మౌని కంతలు కనిపెడతాడని నీకు నేనే రాశాను. ఏ ఇంటికి పంపుతున్నానో రాసేటప్పుడు తట్టలేదు. బీరువా దగ్గర కాగితం రెపరెపలాడిందని నువ్వు రాశాక నా చేతిలో సూది పడిపోయింది. అందుకే ఆయన్ని వద్దన్నాను. అన్యాయంగా అన్నాను. కొలిచేవాణ్ణి కాదని కొలవనివాణ్ణి నీ నెత్తిన పెట్టాను.

బావ ఊపిరితిత్తులు ఇలా అవుతాయని నేను అనుకోలేదు అక్కా. రోజుకి ఒకటే కదా అనుకున్నాను. ఆయన ఆస్పత్రిలో పడ్డ దగ్గర్నుంచీ నాకు అన్నం సరిగ్గా సయించడం లేదు. నీ మొహం ఎలా చూడాలో తెలియడం లేదు. ఏ శిక్ష వేసినా పడతాను.

తలవంచుకుని,
నీ తమ్ముడు

తా.క. ఒక మంచి మనిషిని పోలీసులకి అప్పగించకు. కోటు ఏడాదిగా తీసుకెళ్లకపోవడానికి కారణం కూడా నేనే. ఇంకా గుండీలు కుట్టలేదు.


27వ తేదీ

తమ్ముడికి,

నీ ఉత్తరం పంతొమ్మిదో తేదీ తొమ్మిదింటికి వచ్చింది. మూడుసార్లు చదివాను. పోలీసాయనకి ఫోన్ చేసి, పోయిన వస్తువు దొరికిందని చెప్పాను.

బీరువా నేనే జరిపాను. నేల పగల్లేదు. కన్నం ఉంది, నీ రేకు మూత ఉంది, బిగింపు చక్కగా ఉంది. మూత పక్కన గోడ మీద పెన్సిలుతో తేదీలున్నాయి. ప్రతి తేదీ పక్కనా "ఇదే ఆఖరుది" అని రాసి, మళ్లీ కొట్టేసి ఉంది. లెక్కపెట్టాను, నలభై ఒకటి. చివరి తేదీ అంబులెన్సు వచ్చిన రోజుకి ముందు రోజుది. దాన్ని మాత్రం కొట్టేయలేదు. తిట్టుకుందామని జరిపాను గానీ, గోడకి ఆనుకుని ఏడుస్తూ కూర్చున్నాను. నలభై ఒక్కసార్లు మానాలనుకున్న మనిషి ఒక్కసారి నాతో చెప్పి ఉంటే ఏమయ్యేది? నా ఎర్ర సిరా అంటే అందరికీ అంత భయమా?

సరిగ్గా పదింటికి మౌని వచ్చాడు. తెరిచిన కన్నం చూశాడు, నన్ను చూశాడు, "కాగితం చూశారా అమ్మా?" అని మళ్లీ అదే ప్రశ్న. ఈసారి నాకు ఏదో తట్టింది. కట్ట విప్పి ఆయన కాగితం తీశాను. ముందు నా సున్నా ఉంది. తిప్పాను.

వెనక పేజీ నిండా జవాబులు రాసి ఉన్నాయి.

ముప్ఫై ఒక్క ఏళ్లు పిల్లలకి "పేజీ తిప్పండి" అని అరిచినదాన్ని, నేను పేజీ తిప్పలేదు. గదుల కొలతలు, ఏ గంటకి ఎంత ఎండ, ఏ గోడకి ఎంత వేడి, అన్నీ ఉన్నాయి. ఈ ఇంటికి చిన్న మిషను చాలు, అటక మీద వేడి ఆపే పరుపు పరవాలి, పడమటి కిటికీకి బయట నీడ కట్టాలి, తలుపుల సందులు మూయాలి అని ఉంది. చిట్టచివర ఇంకో నాలుగు లైన్లున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"బీరువా వెనక ఒక కన్నం. వెనక గది కిటికీకి ఒక పలక తీసేసి ఉంది. రెండూ లోపలి నుంచి చేసినవే. ఇవి ఉండగా ఏ మిషను పెట్టినా దండగ. తీసినవాళ్లే మూస్తే మంచిది. నేను ఎవరికీ చెప్పను."

రెండోది నాది తమ్ముడూ.

ఆరేళ్ల క్రితం నేను ఉద్యోగం దిగిపోయిన వారానికి ఒక పిల్లి వెనక కిటికీ మీదికి వచ్చింది. బడి లేదు, పిల్లలు లేరు, పొద్దుగూకులూ ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. మీ బావకి బొచ్చు పడదని తెలిసి కూడా, వెనక గదిలోనే కదా ఉంటుంది అని ఒక పలక తీశాను. జవాబు పత్రాల మీదే పడుకునేది. తాళం వేసింది పత్రాల కోసం కాదు, దాని కోసం. నీ ఉన్ని గుడ్డల మీద పడుకున్నది కూడా అదే. మౌని తాళంచెవి అడిగినప్పుడు ఆయన్ని దొంగ అనుకోవడం నాకు తేలికైంది, ఎందుకంటే దొంగతనం నాది. ఆయన గేటు దగ్గర నిలబడి చూసింది ఆ పలక పెట్టానా లేదా అని.

ఆయన కాళ్ల మీద పడినంత పని చేశాను. "ఎందుకు నోరు తెరిచి చెప్పలేదు?" అంటే, "పరీక్ష కదమ్మా, రాశాను" అన్నాడు.

నిమిషం మనిషి మిషను విప్పించి పంపేశాను. కన్నం నేను సిమెంటుతో పూడ్చాను, ఆ తేదీలు మాత్రం చెరపలేదు. కిటికీ పలక నా చేతులతోనే బిగించాను. ఆ రోజంతా బయటి నుంచి దాని అరుపులు వినిపిస్తుంటే చెవులు మూసుకున్నాను. మిగతాది మౌని మూడు రోజుల్లో పూర్తి చేశాడు.

ఇరవై మూడున మా ఆడపడుచు వచ్చింది. థర్మామీటరు మంచం మీద పెట్టింది, కింద పెట్టింది, గోడకి ఆనించింది. ముల్లు కదల్లేదు. మిషను ఆన్ చేసి ఉందో లేదో చెవి పెట్టి వినాల్సి వచ్చింది. ఏం వంక దొరుకుతుందా అని కళ్లల్లో వత్తులేసుకుని కూర్చుంది. కూర్చున్నది కాస్తా ఒరిగి, నాలుగు గంటలు గురకపెట్టి నిద్రపోయింది. లేచి, "మౌని గారి నంబరు ఇస్తావా?" అని అడిగింది.

మీ బావ ఇంటికొచ్చారు. గదిలోకి రాగానే బీరువా చోటు మారిందని చూశారు. నేల చూపులు చూస్తూ, "నీకొక సంగతి చెప్పాలి" అన్నారు. "నేనూ చెప్పాలి" అన్నాను. ఆయనది ఆయన చెప్పారు, నాది నేను చెప్పాను. పిల్లి సంగతి విని ఆయన ఆశ్చర్యపోలేదు. మొదటి రోజు నుంచీ తెలుసట. "నువ్వు లోపల తలుపేసుకుని దానితో మాట్లాడుకుంటుంటే వినేవాణ్ణి. బడి వదిలాక నీ గొంతులో ఆ హుషారు మళ్లీ అక్కడే విన్నాను. కాస్త దగ్గు వస్తే ఏమైందిలే అనుకున్నాను" అన్నారు. సున్నా నాకే పడాలి, గుండ్రంగా, ఎర్రగా.

మళ్లీ ఒట్టేశారు. ఈసారి నా మీద వేయనివ్వలేదు, గోడ మీద రాయమన్నాను. నలభై రెండో తేదీ రాశారు. ఇప్పుడు ఆ బీరువా అక్కడ లేదు కాబట్టి రోజూ ఇద్దరికీ కనిపిస్తుంది.

మౌనికి నూటికి నూరు వేశాను. నా చేతి మీదుగా ఎవరికీ వేయని మార్కులు. కాగితం ఫ్రేము కట్టించి ఇమ్మన్నాడు.

ఇక నీ శిక్ష. బావ కోట్లన్నీ ఈ ఉత్తరంతో పాటే వస్తున్నాయి. దొంగ జేబులన్నీ విప్పి, ఆ చోట నేను చెయ్యి పెట్టి చూసుకునేలా తెరిచి ఉంచు. ఈ ఉత్తరం తెచ్చింది మౌనే. ఆయన కోటుకి గుండీలు కుట్టి, ఆయన ఎదుటే తొడిగి పంపు.

కోపం పోయిన, ప్రేమ పోని,
నీ అక్క

తా.క. నీ గుడ్డముక్కలు తిరిగి పంపిస్తున్నాను. మౌని చేతిలో మూత ఉన్న బుట్ట ఉంది చూడు, అందులో ఉన్నాయి. వాటి మీద పడుకున్నది కూడా అందులోనే ఉంది. మెల్లగా తియ్యి, ప్రయాణంలో దానికి కోపం వచ్చి ఉంటుంది. శిక్ష అంటే ఇదే.

రెండో తా.క. తెల్లది. నల్ల కోట్ల మీద పడుకోవడం దానికి ఇష్టం.